రాసింది రిక్వైర్‌మెంటా, డిజైనా? సమస్య - పరిష్కారం

సమస్య: సాఫ్ట్‌వేర్‌తో ఏ అవసరం తీరాలో (రిక్వైర్‌మెంట్) చెప్పాల్సిన డాక్యుమెంట్ నిండా, దాన్ని ఎలా కట్టాలో (డిజైన్) చెప్పే బటన్, డ్రాప్‌డౌన్, కాలమ్ లాంటి మాటలే. తీరా కట్టి ఇచ్చాక యూజర్లు "అడిగింది ఇదే, కానీ మా పని తీరలేదు" అంటారు.

కారణం: అడిగినవాళ్లు తమకు తోచిన పరిష్కారం చెప్పారు, అవసరాలు సేకరించి రాసే అనలిస్ట్ దాన్నే ఎక్కించారు. అసలు అవసరం కాగితం మీదికి రానేలేదు.

పరిష్కారం: ప్రతి వాక్యాన్నీ ఇలా పరీక్షించండి: ఈ పని ఇంకో దారిలో కూడా జరుగుతుందా? ఆ దారిని ఈ వాక్యం మూసేస్తోందా? మూసేస్తే అది డిజైన్. "ఆర్డర్ల స్క్రీన్‌లో ఎక్సెల్ ఎక్స్‌పోర్ట్ బటన్ కావాలి" అన్నారనుకోండి. ఆ ఫైలుతో ఏం చేస్తారు? "బ్యాంకు స్టేట్‌మెంట్‌తో సరిచూస్తాం." సరిచూశాక? "డబ్బు జమ కాని ఆర్డర్ల డిస్పాచ్ ఆపిస్తాం." డిస్పాచ్ ఎన్నింటికి? "పదకొండింటికి." ఇప్పుడు రాయండి: "డబ్బు జమ కాని ఆర్డర్లేవో రోజూ ఉదయం 11 లోపు అకౌంట్స్ విభాగానికి తెలియాలి." బటన్ దీనికి ఒక దారి. సిస్టమే సరిచూసి ఆర్డర్‌ను హోల్డ్‌లో పెట్టడం ఇంకో దారి. బటన్ మాటను కొట్టేయకుండా డిజైన్ ఆలోచనల జాబితాలో వేయండి.

"ఎందుకు?" అని నేరుగా అడిగితే కొందరికి సంజాయిషీ అడిగినట్టుంటుంది. "తర్వాత ఏం చేస్తారు?" అంటే గుట్టంతా వాళ్లే విప్పుతారు.

సమస్య: డిజైన్ తీసేశాక డెవలపర్లు "ఏం కట్టాలో తెలియట్లేదు" అంటున్నారు.

దాంతోపాటు కొలతలు కూడా పోయాయి, "సెర్చ్ వేగంగా ఉండాలి" మిగిలింది. అంకె డిజైన్ కాదు. "500 మంది ఒకేసారి వాడుతున్నా 95 శాతం సెర్చ్‌లకు 2 సెకన్లలోపు ఫలితం రావాలి" అన్నది రిక్వైర్‌మెంటే. "క్యాష్ (ఫలితాలను దాచి ఉంచే తాత్కాలిక నిల్వ) పెట్టాలి" అంటే డిజైన్.

సమస్య: "ఇప్పుడున్న డేటాబేస్‌నే వాడాలి" ఎందులోకి వస్తుంది?

మార్చే అధికారం టీముకు లేకపోతే అది కన్‌స్ట్రెయింట్, అంటే తప్పక పాటించాల్సిన పరిమితి. విడిగా రాసి, ఎవరు పెట్టారో, ఎందుకో పక్కన చేర్చండి. పెట్టినవాళ్లెవరో తేలకపోతే, చాలాసార్లు అది ఉత్త అలవాటే.

సమస్య: రివ్యూలో ఒకే వాక్యం మీద గంటసేపు వాదన.

కారణం: మేనేజర్ ఒప్పుకున్న రిపోర్ట్ లేఅవుట్ మేనేజర్‌కు డిజైన్, కోడ్ రాసేవాళ్లకు రిక్వైర్‌మెంట్. బిజినెస్ అనలిస్టుల అంతర్జాతీయ సంస్థ ఐఐబీఏ 2015లో తెచ్చిన బాబోక్ (ఆ వృత్తికి మార్గదర్శక గ్రంథం) మూడో వెర్షన్ కూడా ఈ గీత అన్నిసార్లూ స్పష్టంగా ఉండదనే అంటుంది.

పరిష్కారం: పేరు కోసం కొట్లాడకండి. ఆ వాక్యం ఏ పై అవసరం నుంచి పుట్టిందో దాని ఐడీ (డాక్యుమెంట్‌లో దానికిచ్చిన నంబర్) రాయండి. ఐడీ దొరకని వాక్యాన్ని మళ్లీ మొదటి పరీక్షకు పంపండి.