మందు కణంలో ఎక్కడ తగులుతుంది? పాఠం 4: గొట్టాన్ని కట్టనివ్వనివి, విప్పనివ్వనివి

పోయిన పాఠం చివర ఇచ్చిన లెక్క చాలామందిని ముంచింది. ముందు దాని సంగతి తేల్చుకుందాం, కొత్త క్యాన్సర్ మందులు కాసేపు ఆగుతాయి.

లెక్క ఇదీ: ఒక సెంటీమీటరు కణితి, అంటే సుమారు 100 కోట్ల కణాలు. ఒక్కో డోసు మందుకి 90 శాతం చస్తాయి. ఒకే ఒక్క కణం మిగలాలంటే ఎన్ని డోసులు? ఎక్కువమంది జవాబు రెండు. "మొదటి డోసుకి 90 కోట్లు పోయాయి, మిగిలింది పది కోట్లే, రెండో డోసుకి అదెంత?" అని వాళ్ల వాదన.

ఇక్కడే నాకు చిరాకు. ఇన్ని కోట్ల కణాలను చంపాలని మందుకి కోటా ఏమీ ఉండదు. 90 శాతం అంటే ప్రతి కణమూ విడివిడిగా పదింట తొమ్మిది పాళ్లు చచ్చే అవకాశంలో ఉందని. పది కోట్లున్నా పదే ఉన్నా ఆ అవకాశం మారదు. కాబట్టి 100 కోట్లు పది కోట్లవుతాయి, తర్వాత కోటి, పది లక్షలు, లక్ష, పది వేలు, వెయ్యి, వంద, పది, ఒకటి. వేళ్ల మీద లెక్కపెట్టుకోండి, తొమ్మిది డోసులు. ఎలుకల ల్యుకేమియా (రక్త క్యాన్సర్) మీద పనిచేస్తూ 1960ల్లో శాస్త్రవేత్త హోవర్డ్ స్కిప్పర్ బృందం తేల్చిన సూత్రం ఇదే.

ఇప్పుడు రెండో మెలిక. డోసుకీ డోసుకీ మధ్య చాలా మందులకు మూడు వారాల విరామం ఇస్తారు, రక్తకణాలు తయారుచేసే ఎముక మజ్జ కోలుకోవాలి కాబట్టి. ఆ మూడు వారాలూ కణితి ఊరుకోదు. విరామంలో అది రెట్టింపవుతుందనుకోండి. పది కోట్లు ఇరవై కోట్లయ్యాక రెండో డోసు పడుతుంది, రెండు కోట్లు మిగులుతాయి. అవి నాలుగు కోట్లయ్యాక మూడోది పడుతుంది, నలభై లక్షలు మిగులుతాయి. ఇలా పోతే తొమ్మిదో డోసు తర్వాత మిగిలేది ఒకటి కాదు, 256.

ఇంకొంచెం ముందుకెళ్దాం. మందు 50 శాతమే చంపుతూ, విరామంలో కణితి రెట్టింపవుతుంటే? స్కాన్‌లో కణితి సైజు మారదు. "పెరుగుదల ఆగింది" అని రిపోర్టు వస్తుంది. లోపల మాత్రం సగం చావడం, సగం పుట్టడం నడుస్తూనే ఉంటుంది. అలాగే స్కాన్‌లో ఏమీ కనబడలేదంటే సున్నా అని కాదు, కోట్లలో ఉండి కూడా కంటికి చిక్కకపోవచ్చు. కణితి కనబడకుండా పోయాక కూడా డోసులు కొనసాగించేది అందుకే. నిజం కణితులు ఇంత బుద్ధిగా లెక్కకి లొంగవు. పెద్ద కణితిలో చాలా కణాలు విభజన మానేసి కూర్చుంటాయి, కొన్ని మందుకి మొండికేస్తాయి. అయినా ఈ లెక్క రాకుండా ఆ మినహాయింపులు అర్థం కావు.

రెండో పొరపాటు మీది కాదు, నాది. పోయిన పాఠంలో "కీమో (క్యాన్సర్‌కి మందులతో చికిత్స) విభజన చెందే కణాలనే దెబ్బతీస్తుంది" అని రాశాను. ఆ "నే" రాయకుండా ఉండాల్సింది. "అలాగైతే నరాల కణాలు విభజన చెందవు కదా, విన్‌క్రిస్టిన్ అనే కీమో మందు తీసుకున్నవాళ్లకి కాళ్లు తిమ్మిర్లెందుకు?" అని మీలో కొందరు అడిగారు. ఈ రోజు పాఠం ఆ ప్రశ్నతోనే మొదలవుతుంది.

కణంలో ట్యూబులిన్ అనే ప్రోటీన్ ఉంటుంది. దాని ముక్కలు ఒకదాని మీద ఒకటి పేర్చుకుని సుమారు 25 నానోమీటర్ల వెడల్పున్న గొట్టాలు కడతాయి. ఇవే మైక్రోట్యూబ్యూల్స్. వీటి ప్రాణమంతా కదలికలోనే ఉంది, ఒక కొస కట్టుకుంటూ, ఉన్నట్టుండి విప్పుకుంటూ ఉంటాయి. విభజన వేళ ఇవే కండె (స్పిండిల్) తంతువులై క్రోమోజోములను చెరోవైపు లాగుతాయి. ఒక్క క్రోమోజోముకి తంతువు సరిగా తగులుకోకపోయినా కణం ముందుకి కదలదు, అక్కడే కాపలా కాస్తుంది. ఆ కాపలా గంటల తరబడి సాగితే చాలాసార్లు కణం తనంతట తానే చస్తుంది. అంటే మందు నేరుగా గొంతు నులమదు, పని చెడగొడుతుంది. చావు తీర్పు కణానిదే.

ఈ మందులు రెండు జట్లు. బిళ్ళగన్నేరు నుంచి వచ్చిన విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ గొట్టాన్ని కట్టనివ్వవు. 1950ల్లో కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ ఆ ఆకుల్లో షుగర్ తగ్గించే గుణం కోసం వెతికితే, ఎలుకల్లో షుగర్ తగ్గలేదు, తెల్ల రక్తకణాలు తగ్గాయి. విన్‌బ్లాస్టిన్ అలా బయటపడింది. యూ చెట్టు బెరడు నుంచి వచ్చిన పాక్లిటాక్సెల్‌ది తిరగబడ్డ దారి: కట్టిన గొట్టాన్ని విప్పనివ్వదు. 1979లో శాస్త్రవేత్త సుసాన్ హార్విట్జ్ బృందం ఇది చూపించింది. మైక్రోస్కోపు కింద ఆ కణాల్లో గొట్టాలు కట్టలు కట్టలుగా బిగుసుకుని కనబడతాయి.

రెండూ ఎదురెదురుగా పనిచేస్తున్నా ఫలితం ఒకటే, ఎందుకంటే కండెకి కావలసింది కట్టడమూ విప్పడమూ రెండూ. నా షార్ట్‌కట్: పేరు "విన్"తో మొదలైతే కట్టనివ్వదు, "టాక్సెల్"తో ముగిస్తే విప్పనివ్వదు.

ఇప్పుడు తిమ్మిర్లు. వెన్ను నుంచి కాలి బొటనవేలి దాకా పోయే నరపు తీగ దాదాపు మీటరు పొడవుంటుంది. దానికి కావలసిన సరుకులో చాలా భాగం పైనున్న కణం నుంచి మైక్రోట్యూబ్యూల్స్ మీదుగానే కిందికి చేరాలి. పట్టాలు చెడితే ముందు సరుకు ఆగేది ఆఖరి స్టేషనుకి. అందుకే తిమ్మిరి వేళ్ల కొసల్లో మొదలై పైకి పాకుతుంది.

క్యాన్సర్ వ్యాప్తిని ఈ మందులు ఎలా తగ్గించవచ్చో ఆ సంగతీ ఇందులోనే ఉంది. కణితి నుంచి విడిపోయి పాకే కణం దిశ పట్టుకోవడానికి ఈ గొట్టాలే ఆధారం. కణితికి రక్తం తెచ్చే కొత్త నాళాల కణాలకూ అంతే, ల్యాబులో అవి తక్కువ మోతాదుకే కదలిక తగ్గించుకుంటాయి. కాకపోతే, కణాలే తగ్గిపోతే బయల్దేరేవాళ్లూ తగ్గుతారన్న మామూలు కారణాన్ని నేను దీనికన్నా ముందు పెడతాను.

అభ్యాసం, ఈసారి కష్టమే:

100 కోట్ల కణాలు, డోసుకి 99 శాతం చావు, విరామంలో మూడు రెట్లు పెరుగుదల. ఎన్నో డోసు తర్వాత లెక్క ఒకటి కన్నా కిందికి దిగుతుంది?

అదే కణితిలో మొదటి నుంచీ పది లక్షల్లో ఒక కణానికి మందు అసలు అంటదు, అదీ మూడు రెట్లే పెరుగుతుంది. ఎన్నో డోసు తర్వాత మొండి కణాలదే మెజారిటీ? స్కాన్ అప్పటికి ఏం చూపిస్తుంటుంది?

గౌట్‌కి (ఒక రకం కీళ్లవాపు) వాడే కోల్చిసిన్ ట్యూబులిన్‌ని పట్టుకుని గొట్టంలో చేరనివ్వదు. అది ఏ జట్టు? పేరు చూసి చెప్పలేరు, నా షార్ట్‌కట్ ఇక్కడ పనిచేయదు.