పడవ మోటారు పాఠాలు – 3: పట్టేసిన బోల్టును విరగ్గొట్టకుండా విప్పడం

పోయిన పాఠంలో గేర్ ఆయిల్ మార్చడం చెప్పుకున్నాం. చాలామందికి మొదటి స్క్రూ దగ్గరే పని ఆగిపోయి ఉంటుంది. అది కదలదు. ఇంకాస్త బలం పెడితే గాడి చెదిరిపోతుంది, లేదా తల తెగి చేతిలోకి వస్తుంది. అందుకే ఇంపెల్లర్ (మోటారును చల్లబరిచే నీళ్లు తోడే చక్రం) పాఠాన్ని వెనక్కి జరిపి, ఈ విడతలో పట్టేసిన ఫిట్టింగుల పని చూద్దాం. 8 నుంచి 15 హార్స్‌పవర్ దాకా ఉండే మోటార్లకు ఇది సరిపోతుంది.

సోమశిల దగ్గరైనా, జూరాలలోనైనా, సాగర్ బ్యాక్‌వాటర్‌లోనైనా ఒకటే అనుమానం వస్తుంది: కృష్ణవి మంచినీళ్లే కదా, ఉప్పు లేనిచోట బోల్టు ఎందుకు పట్టేస్తుంది? మోటారు ఒళ్లంతా అల్యూమినియం, బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలు. ఈ రెండూ ఒకదాన్నొకటి తాకుతూ మధ్యలో తడి ఉంటే వాటి మధ్య సన్నగా కరెంటు పారుతుంది. అందులో తినుకుపోయేది అల్యూమినియమే. స్టీలు బోల్టు పైకి తళతళలాడుతూనే ఉంటుంది, దాన్ని చూసి మోసపోవద్దు. తినుకుపోయిన అల్యూమినియం సున్నంలాంటి తెల్ల పొడిగా మారుతుంది. ఆ పొడికి అసలు లోహం కంటే ఎక్కువ చోటు కావాలి. మరల (బోల్టు మీద, రంధ్రం లోపల ఉండే చుట్లు) మధ్య అంత చోటు ఎక్కడిది? అందుకే బోల్టును అన్నివైపుల నుంచి నొక్కి పట్టేస్తుంది.

మంచినీళ్లలో ఇది నెమ్మదిగా సాగుతుంది, ఆగదు మాత్రం. పైగా సముద్రం మీద తిరిగిన సెకండ్‌హ్యాండ్ మోటారు కొంటే దాని మరల్లో ఉప్పు కూడా వెంట వస్తుంది. పైపైన కడిగితే పోదు, తడి తగిలినప్పుడల్లా మళ్లీ పనిచేస్తుంది. ఎండాకాలం రిజర్వాయరు నీళ్లు వెనక్కి పోయి మోటారు నెలల తరబడి రేకుల షెడ్డులో పడి ఉంటే గ్రీజు ఎండిపోతుంది, సన్నటి ఒండ్రు గట్టిపడుతుంది. వానాకాలం మొదట్లో విప్పబోతే ఏదీ కదలదు.

నూనె కంటే ముందు నీళ్లు

బోల్టు కదలకపోతే అందరూ వెంటనే డబ్ల్యూడీ-40 స్ప్రే నూనె కొడతారు. ఉప్పు నూనెలో కరగదు, నీళ్లలో కరుగుతుంది. కాబట్టి సముద్రం నుంచి వచ్చిన మోటారైతే ముందు బోల్టు చుట్టూ వైరు బ్రష్షుతో గీకి, గోరువెచ్చని నీళ్లతో తడిపిన గుడ్డను గంటసేపు చుట్టి ఉంచండి. తీసి, మళ్లీ నీళ్లు పోసి, బాగా ఆరనివ్వండి. ఆ తర్వాతే నూనె.

నూనెను ఒకేసారి డబ్బా అంతా కొట్టి లాభం లేదు. నాలుగైదు చుక్కలు వేసి, బోల్టు తల మీద అర కిలో సుత్తెతో పది పన్నెండు సార్లు తేలిగ్గా తట్టండి. ఆ అదురుకు పొడిలో సన్నటి పగుళ్లు వస్తాయి, నూనె వాటిలోంచి దిగుతుంది. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి ఇలా చేసి తెల్లారేదాకా వదిలేయండి. పవర్ స్టీరింగ్‌లో పోసే ఏటీఎఫ్ నూనె, అసిటోన్ సమపాళ్లలో కలిపినా బాగానే దిగుతుంది. కానీ అసిటోన్ పెట్రోలులాగే అంటుకుంటుంది, పెయింటును కూడా లేపేస్తుంది. అది వాడినచోట ఆ రోజు వేడి పెట్టే పని పెట్టుకోవద్దు.

బాత్రూం యాసిడ్ పోయమని ఎవరైనా చెబితే వినొద్దు. కాస్టిక్ సోడా అయినా అంతే. రెండూ పొడితో ఆగవు, అల్యూమినియాన్నీ తింటాయి.

గేర్ ఆయిల్ స్క్రూలు

మోటారు అడుగున గేర్లు ఉండే భాగమే గేర్ కేసు. దాని మీద ఇవి రెండు ఉంటాయి: పైది గాలి స్క్రూ, కిందది డ్రెయిన్. ముందు పైదాన్ని కదిలించండి. అది వదిలాకే కిందదాని జోలికి వెళ్లండి. ఎందుకంటే కొత్త ఆయిల్‌ను కింది నుంచి ఎక్కించి, పై రంధ్రంలోంచి కారేదాకా నింపాలి. కిందది విప్పేసి పాత ఆయిల్ పారబోశాక పైది రాకపోతే మోటారు అక్కడే పడి ఉంటుంది.

మామూలు స్క్రూడ్రైవర్ దీనికి పనికిరాదు. బైకు మెకానిక్కుల దగ్గర సుత్తెతో కొట్టే ఇంపాక్ట్ డ్రైవర్ ఉంటుంది, అదే కావాలి. బిట్టు గాడి నిండా కూర్చోవాలి, పక్కల సందు ఉండకూడదు. గేర్ కేసు కింద చెక్క దిమ్మ ఆనించి, డ్రైవర్‌ను నిటారుగా నిలబెట్టి, నాలుగైదు దెబ్బలు సూటిగా వేయండి. పోతపోసిన అల్యూమినియం కాబట్టి పెద్ద సుత్తె ఎత్తొద్దు. స్క్రూ కింద ఉండే వాషర్‌ను ప్రతిసారీ కొత్తది వేయాలి. పాతదాన్నే మళ్లీ బిగిస్తే నీళ్లు దూరి ఆయిల్ పాలలా తెల్లబడుతుంది.

గేర్ కేసు బోల్టు: అసలు పని ఇక్కడే

ఇంపెల్లర్ మార్చాలంటే గేర్ కేసు దింపాలి. దింపాలంటే ఈ బోల్టులు రావాలి. జపాన్ మోటార్లలో ఎం8 (8 మిల్లీమీటర్ల మందం) బోల్టు తలకు ఎక్కువగా 12 పానా, ఎం6కు 10 పానా పడుతుంది. ఆరు మూలల బాక్సు పానానే వాడండి. పన్నెండు మూలలది గట్టి బోల్టు మీద జారి మూలలు గుండ్రం చేస్తుంది. ఓపెన్ పానా అసలే వద్దు.

ఎంత బలం పెట్టాలో ముందే లెక్క వేసుకోవాలి. మామూలు గ్రేడు స్టెయిన్‌లెస్ ఎం8 బోల్టు సుమారు 32 న్యూటన్ మీటర్ల (తిప్పే బలానికి కొలత) దగ్గర తెగుతుంది. ఎం6 అయితే 13 దగ్గరే. 30 సెంటీమీటర్ల పానా పిడి మీద 11 కిలోల బలం పెడితే 32 వచ్చేసినట్టే. అదే పానాకు మీటరు పొడవు పైపు తొడిగితే మూడు కిలోల పైచిలుకు చాలు, అంటే చేతికి తెలియకుండానే బోల్టు పోతుంది. పైపు తొడగడం ట్రాక్టరు చక్రాల నట్లకు సరే, ఇక్కడ వద్దు.

పానా పెట్టేముందు బోల్టు తల మీద మొదలుపెట్టి పక్కనున్న అల్యూమినియం మీదికి మార్కరుతో ఒకే గీత గీయండి. ఇప్పుడు ముందుగా బిగించే వైపు తిప్పండి, వెంట్రుకవాసి చాలు. పొడి పట్టు విడవడానికి ఏ వైపు తిప్పినా ఒకటే. తర్వాత విప్పే వైపు మెల్లగా, కుదుపు లేకుండా లాగి, చెయ్యి వదిలేసి గీత చూడండి. తల మీది గీత పక్కకు జరిగి అక్కడే ఆగితే మరలు కదిలాయి. జరిగినట్టే జరిగి మళ్లీ పాత చోటికి వస్తే మరలు కదల్లేదు, బోల్టు మెలితిరుగుతోంది. అక్కడ ఆపాలి. కిర్రుమని చప్పుడు రావడం మంచిదే. చప్పుడు లేకుండా మెత్తగా, సాగుతున్నట్టు తిరిగితే మాత్రం తెగడానికి సిద్ధంగా ఉంది.

ఆగిన చోట వేడి పెట్టాలి. వేడికి అల్యూమినియం స్టీలు కంటే ఎక్కువ పెరుగుతుంది: డిగ్రీకి మీటరుకు అల్యూమినియం 23 మైక్రాన్లు, స్టెయిన్‌లెస్ 17. ఎనిమిది మిల్లీమీటర్ల రంధ్రం దగ్గర నూరు డిగ్రీలు పెంచితే తేడా అయిదు మైక్రాన్లు మాత్రమే. పొడి పట్టు విడవడానికి ఆ మాత్రం చాలు. కాబట్టి వేడి బోల్టుకు కాదు, దాని చుట్టూ ఉన్న అల్యూమినియానికి పెట్టాలి. గ్యాస్ మంట కాకుండా హీట్ గన్ వాడండి. అల్యూమినియం ఎర్రబడి హెచ్చరించదు, 660 డిగ్రీల లోపే నేరుగా కరిగిపోతుంది. మూడు నుంచి అయిదు నిమిషాలు గన్ తిప్పుతూ ఉండి, ఒక నీటిచుక్క వేయండి. చుయ్యిమని ఎగిరిపోతే చాలు, ఇంకా పెంచితే దగ్గర్లోని ఆయిల్ సీళ్లు ఎండిపోతాయి. పెట్రోలు ట్యాంకు, పైపు ముందే తీసి దూరం పెట్టండి. పని ఆరుబయట చేయండి. అంతకుముందు కొట్టిన నూనెను గుడ్డతో తుడిచేయండి.

వేడి మీద ఒకసారి ప్రయత్నించండి. రాకపోతే గోరువెచ్చగా చల్లారాక నూనె వేయండి, చల్లారే లోహం దాన్ని లోపలికి లాక్కుంటుంది. మూడు నాలుగు సార్లు ఇలా వేడి, నూనె మార్చి మార్చి పెడితే చాలా బోల్టులు వదులుతాయి. వదిలాక కూడా ఒక్క ఊపులో తీయొద్దు. పావు చుట్టు విప్పి, అర పావు బిగించి, నూనె చుక్క వేసి, మళ్లీ పావు చుట్టు. ఈ ముందుకూ వెనక్కూ తిప్పడమే మరల్లోని పొడిని బయటికి తెస్తుంది. తొందరపడితే పొడి ముందుకు పేరుకుని సగంలో మళ్లీ పట్టేస్తుంది, మరలు కూడా చీరుకుపోతాయి.

బోల్టులన్నీ తీసినా గేర్ కేసు ఊడకపోతే, ప్రొపెల్లర్ పైన ఉండే చిన్న రెక్కలాంటి ట్రిమ్ ట్యాబ్ తీసి చూడండి. కొన్ని మోటార్లలో దాని వెనక ఒక బోల్టు దాగి ఉంటుంది. గేర్ రాడ్డు కలిసే చోటు విప్పారో లేదో కూడా చూసుకోండి. రెండూ అయినా రాకపోతే సందులో స్క్రూడ్రైవర్ పెట్టి తెరవొద్దు, అతుకు మీద గాట్లు పడతాయి. రెండువైపులా చెక్క చీలికలు సమంగా దిగ్గొడుతూ చెక్క సుత్తెతో తడితే దిగుతుంది.

తల తెగి బోల్టు మొండెం పైకి మిగిలితే ఇంకా దారి ఉంది. గేర్ కేసును మోటారు నుంచి వేరు చేయగలిగితే, మొండెం మీద ఇనుప నట్టు పెట్టి, నట్టు లోపల 309 రాడ్డుతో (స్టెయిన్‌లెస్‌ను ఇనుముకు అతికే వెల్డింగ్ రాడ్డు) వెల్డింగ్ చేయించండి. వెల్డింగ్ వేడి కూడా పట్టును వదిలిస్తుంది. చెయ్యి పెట్టగలిగేంత చల్లారాక పానాతో అటూ ఇటూ కదపండి. మోటారుకు బిగించి ఉండగా వెల్డింగ్ చేస్తే ఇగ్నిషన్ బాక్సు కాలిపోవచ్చు. మట్టానికి తెగిందా, ఈజీ అవుట్ (విరిగిన బోల్టు లోపలికి దిగి దాన్ని తిప్పి తీసే పనిముట్టు) జోలికి వెళ్లకుండా వచ్చే పాఠం దాకా ఆగండి. అది లోపల విరిగితే డ్రిల్లు కూడా దిగదు.

ప్రొపెల్లర్ పట్టేస్తే ముందు స్పార్క్ ప్లగ్ వైరు పీకి, గేరు న్యూట్రల్‌లో పెట్టండి. స్ప్లిట్ పిన్ను, నట్టు తీసి, హబ్బు వెనక రెండువైపులా చెక్క ఆనించి తట్టండి. దీనికి హీట్ గన్ వద్దు, హబ్బులో రబ్బరు బుష్షు ఉంటుంది. ఊడాక షాఫ్టుకు వల దారం చుట్టుకుందేమో చూడండి, అది ఆయిల్ సీలును కోసేస్తుంది.

మళ్లీ పట్టకుండా

బిగించే ముందు బోల్టు మరలను, రంధ్రంలోని మరలను వైరు బ్రష్షుతో శుభ్రం చేసి, నీటికి తట్టుకునే మెరైన్ గ్రీజు పలుచగా రాయండి. మరలే కాదు, తల కింద వరకు నున్నటి భాగానికీ రాయాలి. రాగి రంగు యాంటీ సీజ్, నల్లటి గ్రాఫైట్ గ్రీజు ఇక్కడ వాడొద్దు. అల్యూమినియం పక్కన రాగి గానీ గ్రాఫైట్ గానీ పెడితే ఆ తినుకుపోవడం ఇంకా జోరందుకుంటుంది. గ్రీజు రాసిన బోల్టు తేలిగ్గా తిరుగుతుంది కాబట్టి అలవాటు బలంతో బిగిస్తే అల్యూమినియం మరలు లేచిపోతాయి. మాన్యువల్ లేకపోతే ఎం8కు 18, ఎం6కు 8 న్యూటన్ మీటర్లు దాటొద్దు. డ్రైవ్ షాఫ్టు (ఇంజను నుంచి గేర్ కేసులోకి దిగే కడ్డీ) గాడుల పక్కలకే గ్రీజు రాయండి, కొన మీద రాయొద్దు. అక్కడ ఇరుక్కున్న గ్రీజు షాఫ్టును పూర్తిగా కూర్చోనివ్వదు.

స్టీరింగ్, టిల్టు దగ్గరి గ్రీజు నిపుల్స్‌లో పాత నల్ల గ్రీజు పోయి కొత్తది బయటికి వచ్చేదాకా కొట్టండి. పడవకు బిగించే క్లాంపు స్క్రూలను నెలకోసారి పూర్తిగా విప్పి గ్రీజు రాసి పెట్టండి. అన్నిటికంటే ముందు అవే పట్టేస్తాయి.

ఆనోడ్ (మోటారు బదులు తాను తినుకుపోయే లోహపు ముక్క) సంగతి చాలామంది పట్టించుకోరు. సముద్రం మోటార్లలో కొన్నిటికి జింకుది ఉంటుంది. మంచినీళ్లలో దాని మీద పొర కట్టి పని మానేస్తుంది. మన నీళ్లకు మెగ్నీషియందైతే మేలు, అల్యూమినియంది అయినా నడుస్తుంది. ఏదైనా సరే దాని మీద పెయింటు వేయొద్దు, సగం కరిగితే మార్చండి. మెగ్నీషియం ఆనోడ్ ఉన్న మోటారును మళ్లీ సముద్రంలో వాడేవాళ్లకు అమ్మితే ఆ మాట చెప్పి అమ్మండి, ఉప్పునీళ్లలో అది చాలా తొందరగా కరిగిపోతుంది.

ఈ విడత పని: గేర్ కేసు దింపొద్దు. బోల్టులన్నిటికీ మార్కరు గీతలు గీసి, ఒక్కొక్కటి పావు చుట్టు విప్పి మళ్లీ బిగించండి. కదలని వాటికి చుక్క రంగు పెట్టి, రోజుకు మూడుసార్లు నూనె మొదలుపెట్టండి. వచ్చే విడతలో మట్టానికి తెగిన బోల్టును డ్రిల్లు చేయడం, హెలికాయిల్ (చెడిన మరల చోట కూర్చోబెట్టే తీగ చుట్ట) వేయడం ఉంటుంది. సెంటర్ పంచి, ఎడమవైపు తిరిగే 3, 5 మిల్లీమీటర్ల డ్రిల్లు బిట్లు, మీ బోల్టు సైజు హెలికాయిల్ కిట్టు అప్పటికి తెచ్చిపెట్టుకోండి.