గింజల స్తంభం పెట్టినా పిట్టలు రావట్లేదా, ఉడతలే తింటున్నాయా? సమస్య - పరిష్కారం

పెరట్లో పైపు పాతి, దాని మీద పిట్టలకు గింజల పళ్లెం పెట్టినవాళ్లకు వచ్చే ఇబ్బందుల్లో ఎక్కువ భాగం పళ్లెంతో రావు. పైపుతోనూ, దాన్ని నిలబెట్టిన చోటుతోనూ వస్తాయి. ఖర్చు పెట్టదలిస్తే ముందు పైపు మీదే పెట్టండి. పళ్లెం సంగతి ఎట్లాగైనా నడుస్తుంది, పాత స్టీలు తాంబాళమైనా చాలు.

స్తంభం ఊగుతోంది, ఒక పక్కకు ఒరుగుతోంది

ఆన్‌లైన్‌లో దొరికే కొక్కెం కమ్మీలు నేలలోకి గుచ్చేవి. సన్నగా ఉంటాయి కాబట్టి మే నెల గాలిదుమారానికే వంగిపోతాయి. వాటిని కొనొద్దు. గట్టి పైపు వేసినా ఒరిగిందంటే నేల చూడాలి. అలంపూర్ వైపు ఉండే నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలిస్తుంది. ఆ కదలికకు పైపు చుట్టూ సందు ఏర్పడుతుంది.

వెల్డింగ్ షాపులో అంగుళం జీఐ (జింకు పూత ఇనుము) పైపు 8 అడుగులు, అంగుళంపావు జీఐ పైపు 2 అడుగుల 4 అంగుళాలు కోయించుకోండి. రెండోది నేలలో ఉండే తొడుగు. మొదటిది అందులోకి దిగుతుంది. చెల్క (ఎర్ర ఇసుక) నేలలో అడుగున్నర వెడల్పు, రెండడుగుల లోతు గుంత చాలు. రేగడిలో ఇంకో అరడుగు లోతు తీసి, అడుగున మొరం వేసి దిమ్మిస కొట్టాలి. తొడుగు కింది మూతి మూయకుండా గుప్పెడు కంకర మీద ఆనించండి, లేకపోతే వాననీళ్లు అందులోనే నిలిచి పైపు తుప్పు పడుతుంది. ఒక పాలు సిమెంటు, రెండు పాళ్లు ఇసుక, నాలుగు పాళ్లు కంకర కలిపి పోసి, తొడుగు నేలపైన నాలుగంగుళాలు కనిపించేలా నిలపండి. వారం రోజులు తడపాలి.

రెండు పైపుల మధ్య రెండు మిల్లీమీటర్ల సందు మిగులుతుంది. చేత్తో కదిపితే టకటకమంటుంది. నేల పైకి కనిపించే ఆ నాలుగంగుళాల్లో తొడుగుకు పక్కపక్కన రెండు బెజ్జాలు వేయించి, వాటి మీద నట్లు వెల్డ్ చేయించండి. బోల్టు తిప్పితే అది లోపలి పైపును అదిమి పడుతుంది, చప్పుడు పోతుంది. కడగాలన్నా, కోతుల కోసం తీసేయాలన్నా బోల్టు వదులు చేసి పైపు పైకి లాగితే సరి. ఈ ఏర్పాటుకు ఇదే అసలు లాభం.

రాతిగుండు మీద కట్టిన ఇళ్లలో గుంత దిగదు. పాత టైరు మధ్యలో తొడుగు నిలబెట్టి కాంక్రీటు నింపండి. డాబా మీదికీ ఇదే పద్ధతి. స్లాబుకు మాత్రం బెజ్జం వేయకండి, ఆ వానాకాలమే కారుతుంది.

గింజలన్నీ ఉడతలు తినిపోతున్నాయి

చాలామంది పైపుకు గ్రీజు పూస్తారు. ఇది చెయ్యకూడని పని. గ్రీజు పిట్ట ఈకలకు అంటితే వదలదు, ఈకలు అతుక్కుపోయి ఎగరలేదు. కారప్పొడి కలిపే చిట్కా సగం నిజం: కారం ఉడతకు మండుతుంది, పిట్టలకు తెలియదు. కానీ గాలికి ఆ పొడి లేచి పిట్టల కళ్లలోనూ, గింజలు పోసేవాళ్ల కళ్లలోనూ పడుతుంది.

పనిచేసేది రేకు గొట్టం. ఎనిమిదంగుళాల వ్యాసం, రెండడుగుల పొడవుతో జీఐ రేకు గొట్టం చేయించి, పైమూతి మూసి, మధ్యలో పైపు పట్టేంత బెజ్జం పెట్టించండి. గొట్టం పైభాగం నేల నుంచి ఐదడుగుల ఎత్తున ఉండాలి. ఆ పైమూతి కింద పైపుకు హోస్ క్లిప్పు బిగిస్తే జారదు. ఉడత పైపు వెంట ఎక్కి గొట్టం లోపలికి దూరుతుంది, పైన దారి లేక దిగిపోతుంది. పిల్లికీ, ఎలుకకూ ఇదే అడ్డు.

గొట్టం వేసినా ఉడత వస్తోందంటే పక్క నుంచి దూకుతోందన్నమాట. గోడ, మొక్క, బట్టల తీగ ఏదైనా సరే పళ్లేనికి ఎనిమిదడుగుల దూరంలో ఉండాలి, పైనుండే కొమ్మ పది అడుగులు. వేపకొమ్మ ఏడాదిలో ఎంత సాగుతుందో తెలిసిందే, కాబట్టి ఏటా ఒకసారి కొలిచి కొట్టించండి.

పిట్టలే రావట్లేదు

కొత్తగా పెట్టారా? రెండు మూడు వారాలు ఆగండి. మొదట్లో గోడ మీద, నేల మీద కాసిన్ని గింజలు చల్లితే కళ్లబడుతుంది. వరికోతలప్పుడు పిట్టలు పొలాల్లోనే మేస్తాయి, అది మీ లోపం కాదు.

నెలలు గడిచినా రాకపోతే మూడు కారణాలు చూడాలి. ఒకటి ఎండ: 43, 44 డిగ్రీల రోజున మిట్టమధ్యాహ్నం స్టీలు పళ్లెం మీద పిట్ట కాలు పెట్టలేదు. చెట్టు కింద పెడితే ఉడతల బాధ, కాబట్టి ఇంటికి తూర్పు వైపు నిలబెట్టండి. మధ్యాహ్నం దాటి పొద్దు వాలేకొద్దీ ఇంటి నీడ పడుతుంది. రెండోది, దగ్గర్లో దాక్కునే చోటు లేకపోవడం. పది పన్నెండడుగుల దూరంలో గోరింటో, మందారో ఉంటే పిచ్చుకలకు ధైర్యం. మరీ దగ్గరైతే పిల్లి మాటు వేస్తుంది. మూడోది తిండి. సజ్జలు, కొర్రలు, నూకలకు పిచ్చుకలు, జినువాయిలు (మునియా పిట్టలు), గువ్వలు వస్తాయి. పికిలిపిట్ట గింజలకు రాదు, దానికి అరటిపండు, బొప్పాయి ముక్క గుచ్చాలి. తేనెపిట్టకు పూలమొక్కే.

వేసవిలో గింజల కన్నా నీళ్లకే ఎక్కువ వస్తాయి. రెండంగుళాల లోతుకు మించని మట్టి మూకుడు పెట్టి, రోజూ నీళ్లు మార్చండి.

పావురాలు, గోరింకలు ఆక్రమించాయి

వెడల్పు పళ్లెం పెడితే ఇది తప్పదు. పళ్లెం చుట్టూ అంగుళంన్నర కన్నుల వెల్డ్ మెష్‌తో పంజరం కట్టించండి. పిచ్చుక దూరుతుంది, గోరింక దూరలేదు. గింజలకూ మెష్‌కూ మధ్య కనీసం మూడంగుళాలు వదలండి, లేకుంటే బయటి నుంచే ముక్కు పెట్టి తింటాయి. రామచిలుకలు వచ్చే చోట ప్లాస్టిక్ డబ్బాలు వద్దు, కొరికి పారేస్తాయి.

గింజలు ముక్కిపోతున్నాయి, మొలకెత్తుతున్నాయి

పళ్లేనికి బెజ్జాలు లేవు, లేదా ఒక్కసారే కిలో పోస్తున్నారు. అడుగున పెద్ద బెజ్జాలు వేస్తే కొర్రలు రాలిపోతాయి. అడుగు కోసేసి స్టీలు దోమజాలీ బిగిస్తే నీళ్లు మాత్రమే దిగుతాయి. పైన నాలుగంగుళాలు బయటికి వచ్చేలా వాలు కప్పు ఉండాలి. సాయంత్రానికి అయిపోయేంతే, రెండు గుప్పిళ్లు పోయండి. కింద రాలినవి రోజూ ఊడవాలి. గింజలుంటే ఎలుకలొస్తాయి, ఎలుకల వెంట పాములొస్తాయి. బూజు పట్టిన పల్లీలు అసలే వద్దు, ఆ బూజులో విషం ఉంటుంది. ఉప్పు, నూనె పడిన అన్నం కూడా వద్దు.

చీమలు పడితే చీమల మందు, చాక్‌పీసు గీతలు వాడొద్దు. గొట్టం పైన పైపు చుట్టూ చిన్న ప్లాస్టిక్ గిన్నెను ఎం-సీల్‌తో అతికించి నీళ్లు నింపితే చాలు.

కోతులు

వీటికి అడ్డు లేదు. రేకు గొట్టం, మెష్ అన్నీ ఊడబీకుతాయి. గుంపు కనిపించిన రోజు బోల్టు వదులు చేసి స్తంభం లోపల పెట్టేయండి. తిండి దొరకదని తెలిసేదాకా వారం పది రోజులు బయట పెట్టొద్దు.

పిట్ట ఈకలు ఉబ్బించుకుని కదలకుండా కూర్చుంది

ముక్కు చుట్టూ తడి, మింగలేక ఇబ్బంది కూడా కనిపిస్తే రోగమే, పళ్లెం ద్వారా మిగతావాటికి అంటుతుంది. రెండు వారాలు గింజలు, నీళ్లు రెండూ ఆపేయండి. ఒక పాలు బ్లీచింగ్ ద్రావణం (ఇంట్లో వాడే బ్లీచ్ నీళ్లు), తొమ్మిది పాళ్లు నీళ్లు కలిపి పళ్లెం, మూకుడు పది నిమిషాలు నానబెట్టి, బాగా కడిగి ఎండలో ఆరబెట్టాలి. రోగం లేకపోయినా రెండు వారాలకోసారి ఇట్లా కడగడం మంచిది. ఇంట్లో కోళ్లుంటే వాటి గూటి దగ్గర స్తంభం పెట్టకండి.