బేగంపేటలో రైళ్లు చూసి రాసుకోవడం ఎలా

హైదరాబాద్‌లో రైళ్లు చూడాలంటే అందరూ సికింద్రాబాద్‌కే పోతారు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు అది కష్టం: ప్లాట్‌ఫాంలు ఎక్కువ, జనం ఎక్కువ, అవతలి రైలు కనపడదు. బేగంపేట దానికంటే చాలా సులువు. సికింద్రాబాద్ నుంచి ఒక లైను, నాంపల్లి నుంచి ఒక లైను హుస్సేన్‌సాగర్ జంక్షన్‌లో కలిశాక వచ్చే స్టేషన్ ఇది. ఆ రెండు స్టేషన్ల నుంచి వికారాబాద్ వైపు పోయే బళ్లు, మధ్యలో ఎంఎంటీఎస్‌లు (నగరంలో తిరిగే లోకల్ రైళ్లు) మీ ముందునుంచే పోతాయి. మౌలాలి నుంచి సనత్‌నగర్‌కు నేరుగా బైపాస్ లైను ఉంది కాబట్టి గూడ్స్ బళ్లు ఇక్కడ తక్కువ. అవి కావాలంటే సనత్‌నగర్ దాటి బోరబండకో, హఫీజ్‌పేటకో వెళ్లండి.

ప్లాట్‌ఫాం టికెట్ పది రూపాయలు, రెండు గంటలు చెల్లుతుంది. బయల్దేరే ముందు ఎన్‌టీఈఎస్ (రైళ్ల రాకపోకలు చూపించే రైల్వే యాప్) యాప్‌లో లైవ్ స్టేషన్ తెరిచి, రాబోయే బళ్ల నంబర్లు, ఆలస్యాలు నోట్‌బుక్‌లో ఒక వరసగా రాసుకోండి. గూడ్స్ బళ్లు, ఒంటరిగా పోయే ఇంజన్లు అందులో ఉండవు. 47తో మొదలయ్యే ఐదంకెల నంబరు ఎంఎంటీఎస్‌ది. 12తో మొదలైతే సూపర్‌ఫాస్ట్.

నిలబడే చోటు ముఖ్యం. ఎండ మీ వీపు మీద పడాలి. మన దగ్గర ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండ దక్షిణం నుంచే కాబట్టి, తూర్పు పడమరలుగా పోయే లైనుకు దక్షిణం వైపు ప్లాట్‌ఫాం మేలు. చివరికి పోండి కానీ, ప్లాట్‌ఫాం వాలు దిగకండి. పట్టాల మీదికి వెళ్తే రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. పైన తీగలో 25,000 వోల్టులు. సెల్ఫీ స్టిక్, పొడవాటి గొడుగు ఇంట్లోనే వదిలేయండి.

ఇంజన్ రాగానే చాలామంది ఫోన్ ఎత్తుతారు, ఇంజన్ ముఖం మీది నంబరు పోగొట్టుకుంటారు. ముందు కళ్లతో చూడండి. ఐదంకెల్లో చివరి మూడు మనసులో పట్టుకుని, తర్వాత మొదటి రెండు చూడండి, ఎందుకంటే ఆ రెండూ ఇంజన్ రకాన్ని బట్టి వచ్చేవి, ఊహించుకోవచ్చు. 37, 39 అయితే ప్యాసింజర్ ఇంజన్ డబ్ల్యూఏపీ-7, 30 అయితే ఎక్కువగా అదే. 31, 32, 33 అయితే గూడ్స్ ఇంజన్ డబ్ల్యూఏజీ-9. 22 అయితే మరో ప్యాసింజర్ ఇంజన్ డబ్ల్యూఏపీ-4. ఏపీ-7, ఏజీ-9 ముఖాలు దాదాపు ఒకటే. గేర్ నిష్పత్తి మార్చి రెండోదాని నుంచే మొదటిది చేశారు. రంగు చూసి నిర్ణయిస్తే తప్పుతారు. ఇంజన్ల బాగోగులు చూసే షెడ్లు తమ ఇష్టం వచ్చిన రంగులు వేస్తాయి, ఏజీ-9లు ప్యాసింజర్ బళ్లు లాగడమూ మామూలే. మసి పట్టిన ముఖం మీద 3, 8 ఒకలాగే కనిపిస్తాయి. అనుమానం వస్తే పక్కన ఉన్న నంబరు కూడా చూసి సరిపోల్చుకోండి. షెడ్ పేరు కూడా పక్కనే ఉంటుంది: లాలాగూడ, కాజీపేట, విజయవాడ, ఇలా.

ఎంఎంటీఎస్‌కు విడి ఇంజన్ లేదు కాబట్టి పైకప్పు చూడండి. పాంటోగ్రాఫ్ (పై తీగను తాకి కరెంటు తీసుకునే చట్రం) ఉన్నది మోటార్ కోచ్. అవి ఎన్ని, మొత్తం కోచ్‌లు ఎన్ని అన్నది రాసుకోండి.

ఫొటోలో ఎంఎంటీఎస్ ముందున్న ఎల్‌ఈడీ బోర్డు సగమే పడిందంటే షట్టర్ వేగం ఎక్కువైందన్నమాట. ఆ దీపాలు కంటికి తెలియకుండా ఆరి వెలుగుతుంటాయి. రైలు ఆగాక 1/125 సెకనుకి దించితే ఊరు పేరు పూర్తిగా వస్తుంది. ఆగకుండా పోయే బండికి 1/500కి తగ్గకూడదు, బోర్డు సంగతి వదిలేయాల్సిందే. ఫ్లాష్ మాత్రం ఎప్పుడూ వద్దు, లోకో పైలట్ కళ్లు చెదురుతాయి. ట్రైపాడ్ తేకండి, ఆర్‌పీఎఫ్ (రైల్వే రక్షణ దళం) వాళ్లు వద్దంటే కెమెరా లోపల పెట్టేయండి.

ఒక్కో బండికి ఒక వరస చాలు: తేదీ, సమయం, ఏ వైపు, రైలు నంబరు, ఇంజన్, షెడ్, కోచ్‌ల లెక్క. పెన్సిల్ మేలు, వానలో ఇంకు కారుతుంది. కోచ్ నంబరు మొదటి రెండంకెలు తయారైన ఏడాది: 19 అంటే 2019. కోచ్‌లు లెక్కపెడుతుండగా ఎదురు లైన్లో ఎంఎంటీఎస్ అడ్డొస్తే సంఖ్య ఊహించి రాయకుండా ఖాళీ వదలండి. చివరి కోచ్ వెనక ఎల్‌వీ (లాస్ట్ వెహికల్, అంటే ఇదే ఆఖరి పెట్టె) బోర్డు లేదా పెద్ద ఎక్స్ గుర్తు కనిపించాకే ఆ వరస ముగించండి.