వెళ్లిపోయిన కోచ్‌కు కృతజ్ఞత చెప్పుకోవడం ఎలా: ఓరుగల్లు ఫుట్‌బాల్ అభిమానుల కోసం

ఏటా మార్చి 20 దగ్గరపడుతుందనగానే హనుమకొండ, కాజీపేట, కరీంనగర్ మిత్రులు నన్ను అడిగే ప్రశ్న ఒకటే: ఈసారి మనోలో కోసం ఏం చేద్దాం? ఇండియన్ సూపర్ లీగ్ ఫుట్‌బాల్‌లో ఆడిన హైదరాబాద్ ఎఫ్‌సీకి మూడు సీజన్ల పాటు కోచ్‌గా ఉండి, 2022 మార్చి 20న ఆ లీగ్ కప్పు గెలిపించి, 2023లో ఎఫ్‌సీ గోవాకు వెళ్లిపోయిన స్పెయిన్ దేశస్థుడు మనోలో మార్కెజ్ గురించే వాళ్లు అడిగేది. ఆయన వెళ్లిపోయారు, ఆ క్లబ్ కూడా 2025లో ఢిల్లీకి తరలి పేరు మార్చుకుంది, అయినా పసుపు జెర్సీలు మా బీరువాల్లో మడతపెట్టినవి మడతపెట్టినట్టే ఉన్నాయి. మాజీ కోచ్ మీద అభిమానాన్ని పదిమందిలో చూపాలనుకునేవారు ఎలా మొదలుపెట్టాలో, ఎక్కడ జాగ్రత్తపడాలో, మేము చేసి చూసిన అనుభవం మీద చెబుతున్నాను. మీ అభిమాన కోచ్ మరొకరైతే పేరు మార్చుకోండి, పద్ధతి మాత్రం ఇదే పనికొస్తుంది.

అన్నిటికంటే ముందు ఒక రెండు వందల పేజీల నోటుపుస్తకం కొని, వచ్చే ప్రతి ఒక్కరిచేతా ఒక పేజీ రాయించండి. ప్రశ్న ఒక్కటే ఉండాలి: ఆయన చేసిన ఏ పని మీకు గుర్తుండిపోయింది? మొదటిసారి అందరూ ‘గొప్ప కోచ్’, ‘లెజెండ్’, ‘మా గుండెల్లో ఉన్నాడు’ అని రాస్తారు. ఆ మాటలు తప్పని కాదు, కానీ అవి ఏ కోచ్‌కైనా సరిపోతాయి కనుక మీ కోచ్‌కు దక్కవు. ఏ మ్యాచ్, ఎన్నో నిమిషం, ఏ ఆటగాడు అని పక్కన కూర్చుని అడగండి. మా కాజీపేట మిత్రుడు ఒకాయన అరగంట ఆలోచించి, ‘ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ లాంటి కుర్రవాళ్లను ఇద్దరినీ రెండు వైపులా డిఫెన్స్‌లో నిలబెట్టి, తప్పు చేసినా మళ్లీ మ్యాచ్‌కు దింపాడు’ అని రాశాడు. కృతజ్ఞత అంటే అలా ఉండాలి, ఎందుకంటే ఆ వాక్యం మనోలోకు తప్ప మరొకరికి అతకదు.

రాసినవాటిలో లెక్కలు సరిచూడటం రెండో పని. అభిమానం జ్ఞాపకాన్ని పెంచి చూపుతుంది, అది సహజమే, కానీ నలుగురిలో చదివే కాగితంలో స్కోరు తప్పుంటే మన మాటకు బరువుండదు. మనోలో విషయంలో నోటుపుస్తకం మొదటి పేజీలో మేము రాసుకున్న లెక్క ఇది. 2019-20లో, అంటే ఆయన రాకముందు, క్లబ్ మొదటి సీజన్‌లో, హైదరాబాద్ ఎఫ్‌సీ 18 మ్యాచుల్లో రెండే గెలిచి 10 పాయింట్లతో పది జట్లలో అట్టడుగున నిలిచింది. ఆయన వచ్చాక 2020-21లో 29 పాయింట్లతో ఐదో స్థానానికి చేరి, సెమీఫైనల్ అవకాశాన్ని చివరి మ్యాచ్‌లో పోగొట్టుకుంది. 2021-22లో 38 పాయింట్లతో రెండో స్థానంలో నిలిచి, ఆపై సెమీఫైనల్, ఫైనల్ గెలిచి చాంపియన్ అయింది. 2022-23లో 42 పాయింట్లతో మళ్లీ రెండో స్థానం, సెమీఫైనల్‌లో పెనాల్టీల మీద ఓటమి. ఆయన వెళ్లిన మరుసటి సీజన్‌లో ఆ జట్టు 22 మ్యాచుల్లో ఒక్కటే గెలిచింది.

ఈ లెక్కలో మరో సంగతి కూడా ఉంది, అది కొత్తగా వచ్చే పిల్లలకు తప్పక చెప్పాలి. కోవిడ్ కారణంగా 2020-21, 2021-22 సీజన్లు రెండూ గోవాలోనే జరిగాయి కాబట్టి, ఆయన కోచ్‌గా ఉన్న మొదటి రెండేళ్లు గచ్చిబౌలిలో ఒక్క లీగ్ మ్యాచ్ కూడా లేదు. మనం ఆయనను ఇష్టపడింది టీవీలో చూసే. 2022-23లో జట్టు సొంత మైదానానికి తిరిగొచ్చాక మాత్రమే మేము కాజీపేటలో మధ్యాహ్నం రైలెక్కి, సికింద్రాబాద్‌లో దిగి, అక్కడి నుంచి గచ్చిబౌలి చేరి, రాత్రి ఏడున్నరకు మొదలయ్యే ఆట చూసి, తెల్లవారుజామున ఇల్లు చేరేవాళ్లం. ఆ ప్రయాణాలు చేసినవారిచేత ఆ పేజీలు వేరుగా రాయించండి, ఎందుకంటే టికెట్ చింపిన ముక్క, రాత్రి బస్సులో పంచుకున్న పల్లీల పొట్లం వంటివి ఏ పత్రికలోనూ దొరకవు.

కోచ్ ఓడిన సందర్భాలను దాచకండి. మనోలో 2024లో భారత జట్టు కోచ్ అయి, తన మొదటి మ్యాచ్ సెప్టెంబర్ 3న మన గచ్చిబౌలిలోనే మారిషస్‌తో ఆడించినప్పుడు అది 0-0తో ముగిసింది, ఆరు రోజులకు అదే మైదానంలో సిరియా చేతిలో 0-3తో ఓటమి ఎదురైంది. మొత్తం ఎనిమిది మ్యాచుల్లో ఒక్కటే గెలుపు, 2025 జులైలో ఆ బాధ్యత నుంచి తప్పుకున్నారు. ఈ ఎనిమిది మ్యాచులు కూడా నోటుపుస్తకంలో ఉన్నాయి. గెలిచిన మూడేళ్లను ప్రేమించడానికి ఓడిన ఒక్క ఏడాదిని చెరిపేయనక్కర్లేదు.

తేదీ, చోటు నిర్ణయించేటప్పుడు మన ఊరి క్యాలెండర్ చూడాలి. ఫైనల్ జరిగిన రోజు 2022 మార్చి 20, కానీ మార్చి అంటే ఇంటర్, పదో తరగతి పరీక్షల కాలం, ఒంటిపూట బడులు మొదలయ్యే ఎండల కాలం. మొదటి ఏడాది సాయంత్రం పెట్టి, పరీక్షలున్న పిల్లల తల్లిదండ్రులతో మాట పడ్డాం. ఇప్పుడు ఆ తేదీకి దగ్గరి ఆదివారం ఉదయం ఆరింటికి మొదలుపెట్టి, ఎండ ముదరకముందే తొమ్మిదికల్లా ముగిస్తున్నాం. హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం కావాలంటే జిల్లా యువజన, క్రీడల అధికారికి ముందుగా దరఖాస్తు ఇవ్వాలి, బడి గ్రౌండ్ అయితే హెడ్‌మాస్టర్ అనుమతి, పీఈటీ సార్ తోడ్పాటు ఉంటే సరిపోతుంది. ఇరవై మంది వచ్చే పనికి బడి గ్రౌండే నయమని నా అభిప్రాయం.

ఇక ఫ్లెక్సీ సంగతి. ఫోన్‌లో టైప్ చేసిన తెలుగును వాట్సాప్‌లో పంపి ‘ఇదే వేయండి’ అని వదిలేయకండి. చాలా ఫ్లెక్సీ షాపుల్లో తెలుగును ‘అను’ అనే ఫాంట్లలో టైప్ చేస్తారు, మన ఫోన్ అక్షరాలు ఆ ఫాంట్లలోకి నేరుగా దిగవు, ఒత్తులు విడిపోయి పక్కకు జరుగుతాయి. మాకు ఒకసారి ‘కృతజ్ఞతలు’ అన్న మాట ‘జ్ఞ’ ఒత్తు ఊడి వచ్చింది, అచ్చయ్యాక చూసి చేసేదేమీ లేక దాన్ని మడిచి వెనక్కి పట్టుకుపోయాం. షాపులో ఆపరేటర్ పక్కన కూర్చుని, తెరమీద ప్రతి అక్షరం పైకి చదివి, ప్రూఫ్ కాగితం తీసుకుని ఇంకొకరిచేత చదివించాకే అచ్చుకు ఒప్పుకోండి. ఫ్లెక్సీ మీద కోచ్ ముఖం కంటే మీ ముఖాలు పెద్దగా ఉండకూడదు. నన్నడిగితే, ముఖాలే వద్దు: పసుపు గుడ్డ మీద నల్ల రంగుతో ఆయన పేరు, ‘2020-2023’, కింద ‘ధన్యవాదాలు’ అని బోర్డులు రాసే పెయింటర్ చేత రాయించుకుంటే ఏళ్ల తరబడి వాడుకోవచ్చు.

ఓరుగల్లు ప్రాంతం వాళ్లకు మాత్రమే చేతనయ్యే పని ఇంకొకటి ఉంది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే. జనగామ మీదుగా చేర్యాల వెళ్తే నకాషీ చిత్రకారులు పటాలు వేస్తారు. బట్టకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు కలిపిన పూత పూసి ఆరబెట్టి, ఎర్రని నేపథ్యం మీద గడులు గడులుగా కథ గీయడం వాళ్ల పద్ధతి. ఒకప్పుడు కథకులు ఆ పటాన్ని పై నుంచి కిందికి విప్పుతూ కులపురాణాలు చెప్పేవారు. ఒక కోచ్ మూడు సీజన్ల కథకు ఇంతకంటే తగిన రూపం నాకు తోచలేదు. మేము ఆరు గడుల చిన్న పటం వేయించాం. పట్టికలో అట్టడుగున ఉన్న జట్టు మొదటి గడి. కోవిడ్ కాలంలో ఖాళీ కుర్చీల మధ్య ఆట రెండోది. మూడు, నాలుగు గడులు ఫైనల్‌వి: గోవాలోని ఫతోర్డాలో ప్రత్యర్థి కేరళ బ్లాస్టర్స్ 68వ నిమిషంలో గోల్ కొట్టి ముందుకెళ్తే, 88వ నిమిషంలో మన సాహిల్ తవోరా గాలిలో ఉన్న బంతిని నేలను తాకకముందే తన్ని సమం చేయడం ఒక గడిలో, పెనాల్టీ షూటౌట్‌లో మన గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపి 3-1తో కప్పు తేవడం మరో గడిలో. ఐదోది గచ్చిబౌలికి వెళ్లే మా రైలు. ఆరో గడి మాత్రం చిత్రకారుడే సూచించాడు: చేతులు కట్టుకుని గీత పక్కన నిలబడ్డ మనిషి, చుట్టూ కుర్రవాళ్లు. వేయించేవారు ఒకటి గుర్తుంచుకోవాలి, ఫొటోలు ఇచ్చి అచ్చు అలాగే దించమని అడగకండి. కథ చెప్పండి, గడి కట్టడం వాళ్లకు తెలుసు. పని తొందరపెట్టకుండా రెండు మూడు నెలల ముందే వెళ్లి బయానా ఇచ్చి రండి. అంత స్తోమత లేకపోతే వరంగల్ కొత్తవాడ నేతకారుల దగ్గర పసుపు, నలుపు చారల జంపఖానా ఒకటి నేయించుకోండి, పిల్లలు దాని మీదే కూర్చుని కథ వింటారు.

ఉత్తరం రాయాలనుకుంటే ఒక్క పేజీకి మించకూడదు. ముందు తెలుగులో రాసుకుని, తర్వాత ఇంగ్లిష్‌లోకి మార్చి, రెండూ కలిపి ఆయన పనిచేస్తున్న క్లబ్ కార్యాలయం చిరునామాకే పంపండి. ఇంటి చిరునామా, సొంత ఫోన్ నంబర్ వెతకడం మర్యాద కాదు. ఫొటో కావాలనో, జెర్సీ పంపమనో, మళ్లీ రమ్మనో అడగవద్దు, అడిగిన మరుక్షణం అది కృతజ్ఞత కాకుండా అర్జీ అవుతుంది. మా ఉత్తరం ఇలా మొదలైంది: ‘గౌరవనీయులైన మనోలో గారికి, హనుమకొండ నుంచి నమస్కారం. మా ఊరు మీరు చూసి ఉండరు. మీరు మా జట్టుకు వచ్చిన ఏడాది మేము చివరి స్థానంలో ఉన్నాము. మీరు నమ్మి ఆడించిన కుర్రవాళ్లను చూసి మా బడి గ్రౌండ్‌లో పిల్లలు డిఫెన్స్ ఆడటానికి ముందుకొస్తున్నారు, అంతకుముందు అందరికీ గోల్ కొట్టడమే కావాలి.’ జవాబు కోసం ఎదురుచూడకండి. రాసినందుకు మనకు కలిగే తృప్తి అక్కడికే పూర్తవుతుంది.

అభిమానులు మాజీ కోచ్‌లను ఇలా తలచుకోవడం మనతో మొదలైంది కాదు. ఇంగ్లండ్‌లో డెర్బీ, నాటింగ్‌హామ్ రెండు ఊళ్లనూ చాంపియన్లను చేసిన బ్రయాన్ క్లాఫ్ పేరును ఆ రెండింటినీ కలిపే రహదారికే పెట్టారు. లీడ్స్ జట్టును 16 ఏళ్ల తర్వాత 2020లో పై డివిజన్‌కు తెచ్చిన మార్సెలో బియెల్సాను 2022లో తొలగించినా, ఆ ఊరి గోడల మీద ఆయన బొమ్మలు అలాగే ఉన్నాయి. ఒక టికెట్ కొనడానికి అభిమాని ఎన్ని గంటలు కష్టపడతాడో తెలియాలని ఆటగాళ్లచేత మూడు గంటలు చెత్త ఏరించిన మనిషిని ఆ ఊరు మరచిపోలేదు. మనకైతే అంత దూరం పోనక్కర్లేదు, రహీం సాబ్ ఉన్నారు. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన కోచ్‌గా భారత్ 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం సాధించింది. 1962లో జకార్తాలో గెలిచిన ఆ స్వర్ణం తర్వాత ఏడాది తిరగకుండానే, 1963 జూన్‌లో క్యాన్సర్‌తో కన్నుమూశారు. మనోలో కోసం చేసే ఉదయం రహీం సాబ్ పేరు ముందుగా చెప్పి మొదలుపెట్టడం మా ఆనవాయితీ, మీరూ అలాగే చేయాలని నా విన్నపం, ఎందుకంటే స్పెయిన్ నుంచి వచ్చిన కోచ్‌ను ఆదరించగలిగిన మనం మన ఊరి కోచ్‌ను మరవడం అన్యాయం.

మాజీ కోచ్ ప్రత్యర్థి జట్టుతో వస్తే ఏం చేయాలని కుర్రవాళ్లు అడుగుతుంటారు. ఆటకు ముందు ఆయన బెంచి వైపు నడుస్తున్నప్పుడు లేచి నిలబడి చప్పట్లు కొట్టండి, విజిల్ ఊదాక తొంభై నిమిషాలు మీ జట్టు మీదే గొంతు పెట్టండి, ఆట ముగిశాక మళ్లీ చప్పట్లు. కొత్తగా వచ్చిన కోచ్‌ను తక్కువ చేయడానికి పాత కోచ్ పేరుతో నినాదాలు ఇవ్వకండి, అది ఇద్దరినీ అవమానించడమే.

ఉదయం కార్యక్రమంలో ప్రసంగాలకు పావుగంట మించి ఇవ్వకండి. నోటుపుస్తకం నుంచి మూడు పేజీలు చదివించి, పటం విప్పి కథ చెప్పించి, వెంటనే పిల్లల మ్యాచ్ పెట్టండి. ఏడుగురు చొప్పున రెండు జట్లు, ఇరవై నిమిషాల చొప్పున రెండు సగాలు చాలు. నిజామాబాద్ జిల్లా తండా నుంచి సౌమ్య గుగులోత్ భారత జట్టు దాకా వెళ్లిన ప్రాంతం మనది, కనుక ఆడపిల్లలను చూడటానికి పిలిచి గట్టున కూర్చోబెట్టకండి, రెండు జట్లలోనూ ఆడించండి. మేము పెట్టుకున్న నియమం ఒక్కటే: ప్రతి జట్టులో ఇద్దరు అందరికంటే చిన్నవాళ్లు చివరి నిమిషం వరకు ఆటలో ఉండాలి, వాళ్లు తప్పు చేశారని బయటికి పిలవకూడదు. పోయినసారి తొమ్మిదేళ్ల అబ్బాయి బంతి వదిలేసి గోల్ ఇచ్చి, ఏడుపు మొహంతో గట్టు వైపు చూశాడు. పీఈటీ సార్ ‘నువ్వక్కడే ఉండు బిడ్డా’ అన్నారు, ఆ అబ్బాయి అక్కడే నిలబడి మిగిలిన పన్నెండు నిమిషాలూ ఆడాడు.

ఆట ముగిశాక ఎవరెవరు వచ్చారో, ఎవరు ఆడారో, స్కోరెంతో నోటుపుస్తకంలో ఆ రోజే రాయించండి. పటాన్ని మడవకండి, మడత పడితే పూత పగులుతుంది. లోపలి వైపుకు బొమ్మ ఉండేలా వెదురుకర్రకు చుట్టి, పాత నూలు చీర ముక్కలో కట్టి, ఎండు వేపాకు వేసి తేమ తగలని బీరువాలో పెట్టండి, ఆ బీరువా తాళం ఎవరి దగ్గర ఉందో నోటుపుస్తకం చివరి పేజీలో రాసిపెట్టండి.