విమానం ఎక్కేముందే ఇన్సూరెన్స్ సంగతి తేల్చుకోండి

ఆగస్టు దగ్గర పడింది. విదేశాల్లో చదువుకోడానికి నెల్లూరు, కావలి, ఒంగోలు నుంచి చెన్నై ఎయిర్‌పోర్టుకు బయల్దేరే పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు ఇది ఒక్కసారి చదవండి.

మా అక్క కొడుకు అమెరికా వెళ్లినప్పుడు యూనివర్సిటీ ఫీజు బిల్లులో హెల్త్ ఇన్సూరెన్స్ కింద పెద్ద మొత్తమే పడింది. సీనియర్ చెప్పాడని ఆన్‌లైన్‌లో చవక పాలసీ కొని, యూనివర్సిటీది వద్దని వేవర్ (మినహాయింపు అర్జీ) పెట్టాడు. అది కుదరదని మెయిల్ వచ్చింది. వాడు చూసుకునేసరికి గడువు దాటింది, రెండిటికీ డబ్బు కట్టాడు. "మామా, అమ్మకు చెప్పొద్దు" అన్నాడు ఫోన్లో. ఆ గొంతు విని నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఎఫ్-1 (మామూలు విద్యార్థి) వీసాకు ఇన్సూరెన్స్ ఉండాలని అమెరికా ప్రభుత్వ నిబంధన లేదు. అడిగేది యూనివర్సిటీ, అదీ ఒక్కోచోట ఒక్కో రకంగా. అందుకే సీనియర్‌కు చెల్లిన పాలసీ మీకు చెల్లుతుందని అనుకోవద్దు. జె-1 (ఎక్స్ఛేంజ్ ప్రోగ్రాం మీద వెళ్లేవాళ్ల వీసా) అయితే ప్రభుత్వమే లెక్క పెట్టింది: ఒక్కో జబ్బుకు, ప్రమాదానికి కనీసం లక్ష డాలర్ల కవరేజి ఉండాలి, డిడక్టిబుల్ 500 డాలర్లు మించకూడదు. డిడక్టిబుల్ అంటే ఇన్సూరెన్స్ వాళ్లు ఇవ్వడం మొదలుపెట్టేలోపు మన జేబులోంచి పోయే సొమ్ము. ప్రీమియం తక్కువగా కనిపిస్తే ముందు చూడాల్సింది ఇదే.

వేవర్ షరతులు చదివాకే పాలసీ కొనండి. ఆమోదించామని మెయిల్ వచ్చేదాకా పని అయినట్టు కాదు. ప్లాన్ ఏ తేదీ నుంచి మొదలవుతుందో కూడా చూసుకోండి. మీరు దిగిన రోజుకూ దానికీ మధ్య ఖాళీ ఉంటే ట్రావెల్ పాలసీ తీసుకోండి.

పళ్ల చికిత్స చాలా ప్లాన్లలో ఉండదు. జ్ఞానదంతం అప్పుడప్పుడూ సలుపుతుంటే, షాపింగ్ ఒక పూట మానుకుని అయినా నెల్లూరు పొగతోటలో డెంటిస్టుకు చూపించండి. తీసేయాలంటే ప్రయాణానికి రెండు మూడు వారాల ముందే తీయించుకోండి, పుండు మానడానికి టైం కావాలి. రోజూ వేసుకునే మందులుంటే చీటీ మీద కంపెనీ పేరుతో పాటు మందు అసలు పేరు కూడా రాయించుకోండి.

ఆస్ట్రేలియా వెళ్లేవాళ్లకు వీసా ఉన్నన్నాళ్లూ అక్కడి విద్యార్థి ఇన్సూరెన్స్ ఉండాలి.

అమెరికాలో మామూలు జ్వరం, దగ్గు వస్తే ముందు క్యాంపస్ హెల్త్ సెంటర్‌కు వెళ్లండి. అది మూసి ఉంటే, మీ ఇన్సూరెన్స్ నెట్‌వర్క్‌లో (కంపెనీతో ఒప్పందం ఉన్న జాబితాలో) ఉన్న అర్జెంట్ కేర్ క్లినిక్‌కు వెళ్లండి. ఎమర్జెన్సీ రూంలో బిల్లు చాలా ఎక్కువ. కానీ ఛాతీ నొప్పి వచ్చినా, ఊపిరి ఆడకపోయినా బిల్లు గురించి ఆలోచించొద్దు, వెంటనే 911కు ఫోన్ చేయండి. ఇన్సూరెన్స్ కార్డు రెండు వైపులా ఫొటో తీసి రూమ్మేట్‌కు, ఇంట్లోవాళ్లకు వాట్సాప్ చేసి ఉంచండి.