ఉద్యోగం పోయిందని ఇంట్లో ఎలా చెప్పాలి?

బెంగళూరు తెలుగు ఇళ్లకు ఉద్యోగం పోవడం కొత్తేం కాదు. జాలహళ్లి హెచ్‌ఎంటీలోనో దూరవాణినగర్‌లోని టెలిఫోన్ల ఫ్యాక్టరీ ఐటీఐలోనో చేరిన తాతల తరం, ఇక రిటైరయ్యేదాకా ఢోకా లేదనుకుంది. తర్వాత వీఆర్‌ఎస్‌లు (స్వచ్ఛంద పదవీ విరమణ పథకాలు) వచ్చాయి. 1961లో మొదలైన హెచ్‌ఎంటీ వాచీల తయారీకి 2016లో కేంద్రం మంగళం పాడింది. వాళ్ల పిల్లలు సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చి 2001, 2008 మాంద్యాల దెబ్బలు చూశారు. 2022 చివర్లో మొదలైన కోతలు ఆ తర్వాతి తరాన్నీ తాకాయి. ఇలాంటి ఇళ్లలో పెరిగినవాళ్లలో కొందరు నచ్చని ఉద్యోగాన్నయినా ఏళ్లతరబడి పట్టుకుని వేలాడతారు. కొందరు ఏ కంపెనీనీ నమ్మరు. ఎవరికి ఏది అలవడుతుందన్నది, మా లెక్కలో, ఉద్యోగం లేని ఆ కొన్ని నెలలూ ఇంట్లో ఏం చెప్పారు, ఏం దాచారు అన్నదాని మీదే ఎక్కువగా ఆధారపడుతుంది.

ముందు లెక్క

పిల్లలతో మాట్లాడే ముందు భార్యాభర్తలిద్దరూ ఒక నోట్‌బుక్ పట్టుకుని కూర్చోండి. "ఎన్ని నెలలు నడుస్తుంది?" అన్నదానికి జవాబు లేకుండా మాట మొదలుపెడితే పిల్లలకు చేరేది భయమే.

రావాల్సినవి ఒక పక్క రాయండి: నోటీసు జీతం, మిగిలిన సెలవుల డబ్బు, ఐదేళ్లు నిండితే గ్రాట్యుటీ. గ్రాట్యుటీకి చివరి నెల బేసిక్, డీఏ (కరువు భత్యం) కలిపి 15తో గుణించి, 26తో భాగించి, సర్వీసు ఏళ్లతో గుణించాలి. డీఏ లేకుండా బేసిక్ 60,000, సర్వీసు 7 ఏళ్లయితే సుమారు 2,42,300 రూపాయలు. రెండో పక్క అద్దె, ఈఎంఐ, సరుకులు, మందులు, ఊళ్లో పెద్దవాళ్లకు పంపేది. స్కూలు ఫీజు టర్ముకోసారి కట్టేది కాబట్టి నెలలకు పంచి వేయండి. చేతిలో 5,70,000 ఉండి నెల ఖర్చు 95,000 అయితే ఆరు నెలలు. ఇంటి ఓనరు దగ్గరున్న అడ్వాన్సును ఇందులో కలపొద్దు. అది ఖాళీ చేస్తేగానీ రాదు, వచ్చేటప్పుడు పెయింటింగ్‌కని కొంత కోస్తారు. పీఎఫ్‌నీ కలపకండి.

ఎక్కువమంది మరిచిపోయేది ఆరోగ్య బీమా. కంపెనీ గ్రూప్ పాలసీ సాధారణంగా ఆఖరి పనిదినంతోనే ఆగిపోతుంది. రిలీవ్ అయ్యేలోపే హెచ్‌ఆర్‌ని అడిగి, అదే బీమా కంపెనీలో సొంత పాలసీకి మారే వీలు కనుక్కోండి. పూర్తిగా కొత్త పాలసీ తీసుకుంటే ప్రమాదాలకు తప్ప మామూలు జబ్బులకు మొదటి 30 రోజులు కవరేజీ ఉండదు, ముందునుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా ఆగాల్సి రావచ్చు. ఇంటి లోను ఉంటే ఈఎంఐ తప్పకముందే బ్యాంకుకు వెళ్లండి. కట్టకుండా 90 రోజులు దాటితే లోను ఎన్‌పీఏ (మొండి బాకీ) అవుతుంది, తర్వాత మాట్లాడుకునే అవకాశాలు తగ్గిపోతాయి.

పిల్లలకు

వారంలోపు చెప్పేయండి. రోజూ ల్యాప్‌టాప్ బ్యాగు తగిలించుకుని బయల్దేరి ఏ కాఫీ షాపులోనో కూర్చుని రావడం అన్నిటికంటే చేటు. ఎప్పుడో ఒకరోజు తెలుస్తుంది, ఉద్యోగం పోవడమంటే తలదించుకోవాల్సిన తప్పని అప్పుడు వాళ్లలో నాటుకుంటుంది.

ఏడేళ్లలోపు వాళ్లకు రెండు ముక్కలు చాలు: "నాన్న పాత ఆఫీసు పని అయిపోయింది. కొత్తది వెతుక్కుంటున్నా. నీ స్కూలూ మనిల్లూ ఇలాగే ఉంటాయి." ఇల్లు మారాల్సి వచ్చేలా ఉంటే ఆఖరి మాట అనకండి.

ఎనిమిది నుంచి పన్నెండేళ్ల వాళ్లు కారణం అడుగుతారు. "కంపెనీ ఖర్చు తగ్గించుకుంటోంది, చాలామందిని తీసేసింది" అని ఉన్నది చెప్పండి. మేనేజర్ని తిట్టుకోవడం వాళ్ల ముందు వద్దు. బాగా పనిచేసినా మోసం చేస్తారన్న నమ్మకం అక్కడే పుడుతుంది.

పదమూడు దాటినవాళ్లకు నోట్‌బుక్కే చూపించండి. ఏవి ఆపుతున్నాం, ఏవి ఆపం అన్నది వాళ్లతో కలిసి తేల్చండి. ఆపేవి రెండో మూడో ఉండాలి, పేర్లతో సహా: ఒక ఓటీటీ, వారాంతం హోటలు. "ఖర్చు తగ్గించుకోవాలి" అని ఊరికే అంటే పిల్లలు పెన్సిలు అడగడానికి కూడా జంకుతారు. "నువ్వే బాగా చదివి మమ్మల్ని చూసుకోవాలిరా" అన్న మాట మాత్రం ఎంత దిగులుగా ఉన్నా నోట రానీయకండి. పదిహేనేళ్ల పిల్లాడు దాన్ని ముప్పై ఏళ్ల దాకా మోస్తాడు, జీతం పెంచమని అడగడానికీ భయపడతాడు.

అనంతపురంలోనో చిత్తూరులోనో ఉన్న అమ్మానాన్నలకు, అత్తామామలకు మీరే ఫోన్ చేయండి. చుట్టాల ద్వారా తెలిస్తే మనసు కష్టపెట్టుకుంటారు. వీఆర్‌ఎస్ చూసిన మామగారు "ఏ ఉద్యోగమైనా సరే చేరిపో" అంటారు. వాదించకుండా "ఆరు నెలలకు సరిపడా ఉంది మామయ్యా, నాలుగో నెల దాటితే తక్కువ జీతమైనా చూస్తాను" అని గడువు చెప్పండి. అంకె విన్నాక చాలామంది కుదుటపడతారు.

ఇలాంటి ఇంట్లో పెరిగి ఇప్పుడు సంపాదిస్తున్నవాళ్లు ఒక పని చేసి చూడొచ్చు. ఆఫర్ వద్దనుకున్నప్పుడో, ఉన్నచోటే ఉండిపోవాలనుకున్నప్పుడో కారణం కాగితం మీద రాయండి. పక్కనే మీ దగ్గరున్న నెలల లెక్క రాయండి. ఎనిమిది నెలలకు సరిపడా ఉండి కూడా కారణం "పోతే ఎలా" అనే అయితే, అది మీ నాన్నగారి రోజుల భయం. రెండు నెలలకే ఉంటే ఆ భయం సబబైనదే, ముందు పొదుపు పెంచండి.

కొత్త ఉద్యోగం దొరికాక ఆ కబురూ పిల్లలకు అలాగే చెప్పండి: ఎంతకాలం పట్టింది, ఎన్ని ఇంటర్వ్యూల్లో ఎంపిక కాలేదు, ఎవరు సాయం చేశారు. ఆపిన ఖర్చులు మొదటి రెండు జీతాల దాకా తిరిగి మొదలుపెట్టకండి. మధ్యలో తీసుకున్న సొంత బీమా పాలసీని, కొత్త కంపెనీ కవరేజీ ఇచ్చినా సరే, రద్దు చేయకండి.